సందు మూసిన పడుగు

పోయిన వారం ఆదోనిలోని మా మిల్లులో కొత్త యంత్రానికి పునాది గీతలు వేస్తున్నాం. బోల్టుల వరస తిన్నగా రావాలని షెడ్డులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మోకాలెత్తున, ఒక సన్నటి దారం బిగించి కట్టించాను. ఫిట్టర్లు దాని మీదుగా కాళ్లెత్తి అటూ ఇటూ తిరుగుతున్నారు. ఇంతలో నూనె డబ్బా పట్టుకుని ఒక ముసలాయన వచ్చి దారం ముందు టక్కున ఆగిపోయాడు. దాటలేదు, వంగి కింద దూరలేదు. వెనక తలుపులోంచి బయటికి పోయి, ఎండలో షెడ్డంతా చుట్టి, ముందు తలుపులోంచి లోపలికొచ్చి, అవతలి పక్క యంత్రానికి నూనె పోశాడు. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఫిట్టరు పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "ఏ ఊరప్పా మీది?" అని అడిగాను. "ఎమ్మిగనూరు సామీ" అన్నాడు. ఆదోనికి ఎమ్మిగనూరు ఏమంత దూరం కాదు. ఆ ఊళ్లో, అలాంటి దారాలు తెగినందుకు ఒక మనిషి దవడ విరగడం నా కళ్లతో చూశాను. నేను డిప్లొమా చదువుతున్న రోజుల మాట ఇది.

ఆ ఊళ్లో మాది నేతగాళ్ల వీధి. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగులు సాగదీసేవారు. పడుగంటే మగ్గం మీదికి ఎక్కే నిలువు దారాల బారు. దాన్ని రెండు చివర్లా గుంజలకు బిగించి, నడుమ కర్రలు దూర్చి, జొన్న గంజి పట్టించి, ఇద్దరేసి మనుషులు పెద్ద కుంచెలు పట్టుకుని ఒకే అడుగులో నడుస్తూ దువ్వేవారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. గంజి తడిగా ఉండగా కుంచె ఆగితే దారాలు ఒకదానికొకటి అంటుకుని చాపలా తయారవుతాయి, ఆ ఇంటివాళ్లు నెల తిండి మరిచిపోవచ్చు. అందుకే పడుగు బిగించి ఉన్నంతసేపు దాన్ని ఎవరూ దాటరు, తాకరు. సందుల్లో ఇళ్లవాళ్లు అంతవరకూ ఇళ్లలోనే ఉండిపోతారు. ఎడ్ల బండి ఆగుతుంది, శవం వస్తే పక్క వీధి నుంచి పోతుంది. ఒకసారి ఎవరో ఆఫీసరు జీపు వచ్చి హారను కొట్టీ కొట్టీ అలిసిపోయింది. మా అమ్మ ఆయనకు చెంబుడు మజ్జిగ పంపింది. తాగి, ఇంకా తిట్టి, మళ్లీ తాగి, ఎండ వచ్చాక వెళ్లాడు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. ఎవరూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు కూడా. ముందు ముందు జరిగినదంతా ఈ చెప్పకపోవడం దగ్గరే తిరిగింది.

ఆ పనికి పెద్ద మా పెద్దనాయన, అంటే మా నాన్నకు అన్న. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పెద్దనాయన మనిషి తలుపంత వెడల్పు. కుంచె పడితే చంటిబిడ్డ తల దువ్వినట్టుండేది, నోరు విప్పితే బండి బోల్తా పడినట్టుండేది. ఆయన కింద వీధి పని చేసే కుటుంబాలు చాలా ఉండేవి. మగ్గాలు లేని వాళ్లు, కుంచె తప్ప వేరే ఆధారం లేని వాళ్లు.

మా మామ, అమ్మకు అన్న, సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు. మగ్గాలు కొన్ని సొంతంగా ఉండేవి, మరికొన్ని ఇళ్లకు నూలిచ్చి నేయించేవాడు. ఆయనకు వానంటే పగ. వాన పట్టుకుంటే వీధిలో పడుగు వేయలేరు, పడుగు లేకపోతే మగ్గం ఆడదు. బళ్లారి నుంచి వచ్చిన వర్తకుడు ఒక ముసురులో చీరల కోసం రోజుల తరబడి అరుగు మీద కూర్చుని, చివరికి "మీ ఊళ్లో వ్యాపారం చేసేది మనుషులా, మబ్బులా?" అని లేచిపోయాడు. మామ ఆ మాట మింగలేదు. నేను సెలవులకొస్తే నన్ను కూర్చోబెట్టి, "ఇంజనీరూ, ఆకాశంతో పని లేకుండా పడుగు సేసే ఉపాయం సెప్పు" అన్నాడు. నేనింకా ఇంజనీరును కాదు, ఆయన దగ్గర ఆ తేడా చెల్లదు.

ఉపాయం నా సొంతం కాదు, పెద్ద ఊళ్లలో అప్పటికే ఉన్నదే. నూలును ముందే చిలపలుగా, అంటే చుట్టలుగా, గంజిలో ముంచి, వసారాలో ఆరబెట్టి, కండెలనే చిన్న గొట్టాలకు చుట్టి, ఆ కండెలన్నిటినీ ఒక చట్రంలో నిలబెట్టి, మనిషెత్తుకు మించిన కొయ్య డ్రమ్ము మీదికి దారాలను పక్కపక్కనే చుట్టుకోవడం. వీధి అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు. బొమ్మలు గీశాను. ఏ ఏ భాగాలు కావాలో, ఏది కొయ్య, ఏది ఇనుము, ఏది ముందు, ఏది తర్వాత, అన్నీ వరసగా రాశాను. అలా వరసగా రాస్తే తప్ప నాకు అన్నం సయించదు. మామ బొమ్మను చాలాసేపు చూశాడు. "ఈ చక్రం తిరిగితే దీని యెనక ఏమేం తిరుగుతాయో అది గూడా గియ్యి" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయనే వేలు మడుస్తూ చెప్పాడు: కండెలు చుట్టే ఆడవాళ్లు, రంగులవాళ్లు, వడ్రంగి, బండ్లవాళ్లు, వానల్లోనూ ఆడే మగ్గాలు, ఆ మగ్గాల ఇళ్లలో పొయ్యిలు. "ఇది మన ఇంటి బాగు కోసం కాదప్పా. ఊరికి కాళ్లొస్తాయి."

ఊరికి కాళ్లు రావడం సంగతి పెద్దనాయన చెవిన పడింది. ఆ సాయంత్రమే, మామ కూర్చుని ఉన్న మా అరుగు మీదికి వచ్చాడు. అమ్మ ఇచ్చిన నీళ్ల చెంబును కాలితో తన్నితే అది మెట్లన్నీ దొర్లుకుంటూ పోయింది.

"రేయ్, నీ చక్రం కింద పడేది ఎవురి కాళ్లు? మావి కాదా?"

"బావా, కూర్చో. సెప్తాను."

"కూర్చునేదానికి రాలేదు. ఆ డ్రమ్ము లేసిన రోజు నీ తల లేవదు, సూసుకో."

మామ నవ్వాడు. అది పొరపాటు. పెద్దనాయన చెప్పు తీసి మామ ముఖం మీద ఎడాపెడా కొట్టాడు. పెదవి చిట్లి రక్తం చొక్కా మీద పడింది. అమ్మ ఇద్దరి నడుమ నిలబడి, "బావా, నువ్వు కొట్టేది మా అన్నను కాదు, ఈ ఇంటి గడపను" అని అరిచింది. పెద్దనాయన చెప్పు కిందపడేసి, ఒంటి చెప్పుతోనే వెళ్లిపోయాడు. ఆ చెప్పును అమ్మ కడిగి, తుడిచి, ఆయనింటికి పంపింది. మా ఇళ్లలో కోపానికీ మర్యాదకూ చెరొక తలుపు ఉండేది.

ఆ తర్వాత జరిగినవాటికి మర్యాద తలుపు లేదు. డ్రమ్ముకు టేకు పలకలు, ఇరుసుకు ఇనుప బేరింగులు ఆదోనిలో చేయించాను. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు వర్క్‌షాపులో పాత ఇనుము కరిగించి పోసిచ్చారు. వాటితోపాటు ఆదోని వడ్రంగి ఎడ్లబండిలో బయల్దేరాడు. ఊరికి ఇవతల వాగు దగ్గర ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్న మనుషులు బండిని ఆపి, పలకలను వాగులో తోసి, వడ్రంగి కుడిచేతిని బండి చక్రం మీద పెట్టి, ఆయన కొయ్య చెక్కే బాడిస వెనకతట్టుతోనే వేళ్లు చితక్కొట్టారు. నేను వెళ్లేసరికి ఆయన ఏడవడం లేదు. చేతిని ఒళ్లో పెట్టుకుని పరాయి వస్తువును చూసినట్టు చూస్తున్నాడు. "పలకలు తడిసినాయి, నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే వంకర పోతాయి" అన్నది ఆయన మొదటి మాట. మామ ఆయనను ఇంటికి తెచ్చుకున్నాడు. అత్త పసుపు పెట్టి కట్టు కట్టింది. అప్పటి నుంచి ఆయన మంచం మీద కూర్చుని నోటితో చెప్పేవాడు, మామా నేనూ చేసేవాళ్లం. "అట్ల కాదయ్యా, కొయ్యను బతిమాలల్ల, బెదిరించగూడదు" అని మమ్మల్ని తిట్టేటప్పుడు మాత్రం ఆయన ముఖంలో కాస్త రంగు వచ్చేది.

మా పక్కవాళ్లేమీ సన్యాసులు కారు. మామ వద్దంటున్నా, మగ్గాల కుర్రాళ్లు కొందరు పోయి కుంచె పనివాళ్ల మీద పడ్డారు. ఆ కుంచె పనివాళ్లలో ఒకడికి మగ్గం కొయ్య తగిలి ఒక కన్ను పోయింది. అతను ఏ వాగు దగ్గరికీ పోనివాడు, మా ఇంటి పడుగులకు కుంచె పట్టినవాడే. దానికి జవాబుగా సంతలో మామను చుట్టుముట్టి పచ్చి తుమ్మకర్రలతో కొట్టారు. ఎద్దుల బేరాలు ఆపి జనం చూశారు. ఎడమ మోచేతి కింద ఎముక విరిగింది. ఎముకలు కట్టే ఆయన వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, "దీన్ని కదిలించొద్దు, ఆ చక్రాన్నీ కదిలించొద్దు, రెండూ ఒకటే నీకు" అన్నాడు. మామ మర్నాడు పొద్దున్నే ఒంటి చేత్తో డ్రమ్ము పలకలకు చిత్రిక పడుతున్నాడు.

డ్రమ్ము లేచింది. ఇరుసు మీద పెట్టి తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. డ్రమ్మును నిలబెట్టిన షెడ్డు మా వీధి నుంచి చీలే సందు చివర ఉంది. ఆ సందుకు అదొక్కటే దారి. శుక్రవారం పొద్దున కొబ్బరికాయ కొట్టి నూలు ఎక్కించాలని అనుకున్నాం. ఆ పొద్దుననే విరగ్గొట్టాలని వాళ్లూ అనుకున్నారు, ఆ కబురు రాత్రే మాకు చేరింది. ఈసారి పెద్దనాయన మనుషులు ఆదోని నుంచి ఒకతన్ని కూలికి తెచ్చుకున్నారు. పత్తి మండీలో గొడవలైతే పిలిచే మనిషి, మీసాల పెద్దమనిషి, వేటకొడవలి చేతికి ఆరో వేలులా ఉండేది. అతనికి అన్నీ చెప్పారట: షెడ్డు ఎక్కడ, తలుపు ఎటు, మామకు ఏ చెయ్యి విరిగింది. ఒక్కటి చెప్పలేదు. పడుగు ముందు ఆగాలని మనిషన్నవాడికి చెప్పాల్సి వస్తుందని వాళ్లలో ఎవరికీ తట్టలేదు.

మబ్బు పట్టిన తెల్లవారుజాము. మామ షెడ్డు గుమ్మంలో ఒళ్లో కొడవలి పెట్టుకుని కూర్చున్నాడు. నా చేతిలో పెద్ద స్పానరు. దాంతో బోల్టు తప్ప ఇంకేమీ తిప్పే ధైర్యం నాకు లేదని నాకు తెలుసు. వీధి పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. గడ్డపారలు, గొడ్డళ్లు. సందు మొదటికి పరిగెత్తాను. అక్కడ చూసినది నేను ఊహించనిది. మా అత్త, కండెలు చుట్టే ఆడవాళ్లు కలిసి, అత్త మగ్గానికి సిద్ధంగా ఉన్న పడుగును వీధి పొడవునా, సందు మూసుకుపోయేలా బిగించేశారు. గంజి పట్టించేశారు కూడా. తడి దారాలు తెల్లగా మెరుస్తున్నాయి, జొన్న గంజి పుల్లటి వాసన వీధంతా నిండింది. అత్త కుంచె పట్టుకుని ఒక్కతే నిలబడి ఉంది.

గుంపు వచ్చి పడుగుకు అవతల ఆగింది. ఎవరూ ఆగమని అనలేదు. ఎద్దులు వాగు ముందు ఆగినట్టు ఆగారు.

"పడుగు తీసెయ్యమ్మా" అన్నాడు పెద్దనాయన. "మగోళ్ల నడుమకు రావొద్దు."

"తడి పడుగు ఎట్ల తీసేదన్నా? నువ్వే సెప్పు. నువ్వెట్ల సెప్తే అట్ల తీస్తాను."

తడి పడుగును తీసే పద్ధతి ఈ లోకంలో లేదు.

"గంజి ఆరిపోతాంది" అంది అత్త. "ఈ పొద్దు మీరెవురూ పనికి రాలేదు. మేము ఆడోళ్లం, మాకు కుంచె అడుగు తెలీదు. ఆ గడ్డపార కింద పెట్టి ఒకరన్నా రాండి."

గుంపులో వెనక నుంచి ఎవరో గొణిగారు: "ఆ కొసన ముద్ద కడతాంది సూడన్నా."

"నోరు మూసుకోరా."

"కుంచె అడ్డం పట్టింది, అందుకే..."

"మూసుకోమంటే!"

గొడ్డళ్లు భుజాన ఉన్న మనుషులు అలా మా అత్త పనితనానికి వంకలు పెడుతూ నిలబడ్డారు. ఒకరిద్దరి చేతులు వాటంతటవే దువ్వుతున్నట్టు కదలడం నేను చూశాను. ఇంకాస్త సేపుంటే ఏమయ్యేదో. ఇంతలో ఆదోని మనిషి ముందుకొచ్చాడు.

"ఏందయ్యా ఇది తమాషా? దారాలకు భయపడేటోళ్లు నన్నెందుకు పిలిసినారు?"

పెద్దనాయన చెయ్యి చాచేలోపే కొడవలి లేచింది. బిగించిన తడి పడుగు తెగితే గుడ్డ చిరిగిన చప్పుడు రాదు. బుస్సుమంటుంది. అన్ని దారాలు ఒక్కసారిగా వెనక్కి లాక్కుని, చుట్టలు చుట్టుకుని, మట్టిలో పడ్డాయి. అత్త కుంచె వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆదోని మనిషి దారి సిద్ధమైందన్నట్టు వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ నవ్వు మీదే పెద్దనాయన గడ్డపార పడింది. దవడ ఎముక విరిగిన చప్పుడు నాకు ఇవతలికి వినిపించింది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. తర్వాత అందరూ పడ్డారు. గొడ్డలి పిడులతో, కాళ్లతో, పిడికిళ్లతో. ఎవరి కోసం వచ్చారో, ఎవరు తెచ్చుకున్న మనిషో అన్నీ మరిచిపోయారు. "పడుగు కోస్తావా, పడుగు కోస్తావా" అన్నదొక్కటే మాట. నెత్తురు గంజిలో కలిసి గులాబీ రంగుగా పారింది. నేను స్పానరు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

కదిలింది మామ. వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, కొడవలి పారేసి, కిందపడ్డ ఆ మనిషి మీద బోర్లా పడ్డాడు. ఒక దెబ్బ ఆయన విరిగిన చేతి మీదే పడి, వెదురుబద్దలు పటపట విరిగాయి. కేక పెట్టాడు, లేవలేదు.

"సచ్చిపోతాడు బావా! వీడు సస్తే నిన్ను ఉరేస్తారు. పడుగు నాది, అడిగేది నేను. నీకెందుకు?"

పెద్దనాయన గడ్డపార ఎత్తి పట్టుకుని ఊగిపోతున్నాడు. "నీది కాదురా" అన్నాడు. "పడుగు వీధిది."

గడ్డపార కింద పడింది. మబ్బు గుర్రుమంది. అప్పుడు పెద్దనాయన ఆ రక్తంలో, బురదలో వంగి ఒక దారపు కొస ఏరి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, మామూలు గొంతుతో, "ఇంకా తడుంది. ఆరకముందే కొసలు ఏరండి. వాన పడితే యాడ పెట్టేది దీన్ని?" అన్నాడు.

పెట్టే చోటు ఒక్కటే ఉంది. వాళ్లు పగలగొట్టడానికి వచ్చిన షెడ్డు.

ఆదోని మనిషిని బండిలో ఆస్పత్రికి పంపారు. పోలీసులొస్తే వీధి మొత్తం ఒకే మాట మీద నిలబడింది: "బండి మీద నుంచి పడినాడు సార్." ఏ బండి అని అడిగితే తలా ఒక బండి చూపించారు.

ఆ రోజంతా వాన. షెడ్డులో డ్రమ్ము నీడన పడుగును పరిచి, రెండు పక్కలా కూర్చుని, తెగిన కొసకు తెగిన కొస వెతికి ముడి వేశారు. మామకు ఒక చెయ్యే ఉంది కాబట్టి కొసను పళ్లతో పట్టుకుని అందించేవాడు, పెద్దనాయన ముడి వేసేవాడు. నోట్లో దారంతోనే మామ అన్నాడు: "దీన్ని తిప్పేదానికి మనుషులు కావల్ల బావా. నూలు తెగకముందే యేళ్లకు తెలియల్ల. అట్లాంటోళ్లను నేను యాడ తెచ్చేది?"

పెద్దనాయన చాలా ముడులు వేశాక అడిగాడు: "కూలి ఎవురి మాట?"

"నీ మాట."

"వానలప్పుడు గూడా పనుంటాదా?"

"బయట సూడు. ఇప్పుడు యాడ కూర్చోనుండావు?"

పెద్దనాయన కప్పు వైపు చూసి, వాన చప్పుడు విన్నాడు. "మరి ముసలోళ్లు? దీన్ని సూస్తేనే వాళ్లకు కండ్లు తిరుగుతాయి."

మామ దారం నోట్లోంచి తీశాడు. నా బొమ్మల్లో దీనికి జవాబు లేదు. "వాళ్లకు చేతనైనన్ని దినాలు పెండ్లి చీరల పడుగులు వీధిలోనే" అన్నాడు చివరికి. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు.

తర్వాతిదంతా మామ వేళ్లు మడిచి చెప్పినట్టే జరిగింది, కాస్త ఆలస్యంగా. మగ్గాలు ముసురులోనూ ఆడాయి. బళ్లారి వర్తకుడు మళ్లీ వచ్చి, ఈసారి మబ్బుల మాట ఎత్తలేదు. ఆ ముడుల పొద్దున కూర్చున్నవాళ్లే డ్రమ్ముకు మొదటి పనివాళ్లయ్యారు. దాని పక్కన మరొకటి, పై వీధిలో ఇంకొకటి లేచాయి. వేళ్లు పోయిన వడ్రంగి ఆదోనిలో కొట్టు పెట్టి, చేతులున్న కుర్రాళ్లను పెట్టుకుని, నోటితోనే డ్రమ్ములు చేయిస్తున్నాడు. ఆదోని మనిషి దవడ వంకరగా అతుక్కుంది. మామ అతన్నే షెడ్డుకు కాపలా పెట్టాడు. ఎందుకని అడిగితే, "ఈ వీధిలో దారానికి వాడికంటే భయపడేటోడు ఎవుడున్నాడు?" అన్నాడు. నాకు లెక్కలు వరసగా రాసుకునే అలవాటని చెప్పాను కదా, వీటన్నిటినీ ఎక్కడ రాయాలో నాకు తెలుసు. కన్ను పోయిన కుంచె మనిషి మాత్రం డ్రమ్ము దగ్గరికి రానే లేదు. కాలువ పనులకు పోయాడన్నారు. అతన్ని ఏ వరసలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దనాయన కూడా తన మనుషులందరినీ పంపాడు కానీ, తాను ఒక్కరోజూ ఆ చక్రం మీద చెయ్యి వేయలేదు. పోయిన ఏడాది ఆయన పోయాడు. పాడె వీధి నడుమగా, ఎక్కడా ఆగకుండా, తిన్నగా సాగిపోయింది. అడ్డంగా ఒక్క పడుగూ లేదు.

ఆ ముడుల పడుగుతో అత్త దుప్పటి నేసింది. దారాలు దూరే మగ్గం అచ్చు పళ్లలో ముడులు తట్టుకుంటూ ఉంటే, ముడులున్న ఆ జానెడు నేయడానికి రోజులు పట్టిందట. అది ఇప్పుడు నా మంచం మీద ఉంది. నెత్తుటి మరక ఎప్పుడో పోయింది. ముడుల గీత మాత్రం దుప్పటికి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, వేలికి గరుగ్గా తగులుతుంది. దానికి ఇటుపక్కా అటుపక్కా నేత ఒక్కలాగే ఉంటుంది. ఆ గీతను దాటడానికి మా వీధికి ఎన్నో ఏళ్లు పట్టింది. నా వేలికి క్షణం చాలు, అయినా ప్రతిసారీ అక్కడికి రాగానే ఆగిపోతుంది.